పెద్ద బిళ్లకు కింద చెయ్యి

పెద్ద బిళ్లలు మా కంపెనీకి వచ్చిన రోజు మేమందరం వాటికి దండం పెట్టాం. నిజంగానే పెట్టాం. లోపల కొబ్బరికాయ కొట్టనివ్వరు కాబట్టి గేటు దగ్గర కొట్టి, డబ్బాకు పసుపు బొట్టు పెట్టబోతుంటే ఇంజినీరు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఒక్క పసుపు రేణువు లోపలికి పోయినా అన్నీ ఖరాబైతయి" అన్నాడు. బొట్టు లేకుండానే పని మొదలైంది. తర్వాత రోజులు తిరగబడ్డప్పుడు ఆ బొట్టు పెట్టకపోవడమే కారణమని మాలో సగం మంది నమ్మారు. కొన్నాళ్లు నేనూ నమ్మాను. అలా నమ్మితే నాకు సుఖంగా ఉండేది, ఎందుకంటే అసలు కారణం నేను.

మాది ఇబ్రహీంపట్నం. మా బాపు పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు. చెరువు ఎండిపోయిన ఏళ్లలో పొయ్యి వెలగాలంటే ఇంట్లో ఎవరో ఒకరు వేరే పని చూసుకోవాలి. పది పాసయ్యాను కాబట్టి ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. చిన్న కంపెనీ మాది. ఇన్వర్టర్లలో, ఛార్జర్లలో వేసే చిప్పులు చేస్తుంది. సిలికాన్‌ను అద్దంలా నునుపు చేసి, అప్పడం కన్నా పల్చగా కోసిన గుండ్రటి పలకను సార్లు వేఫర్ అంటారు, మేం బిళ్ల అంటాం. ఒక్కో బిళ్ల మీద గళ్లు గళ్లుగా వందల చిప్పులు తయారవుతాయి. చివర్లో కోస్తే ఏ గడికి ఆ గడి ఒక చిప్పు.

కడిగి ఆరబెట్టిన బిళ్లలను బుట్టలోంచి ఒక్కొక్కటిగా చిమ్టాతో ఎత్తి, ఫర్నేసులోకి పోయే గాజు స్టాండులో నిలబెట్టడం మా పని. చిమ్టా అంటే స్టీలు పట్టకారు. బిళ్ల ముఖాన్ని తాకకూడదు, అంచు మాత్రమే పట్టాలి. పట్టు గట్టిదైతే విరుగుతుంది, వదులైతే జారుతుంది. ఈ పని చేసే ఆడవాళ్లం పద్నాలుగు మందిమి. నేను పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను, మిగతా పదమూడు మందికీ నేర్పింది నేనే.

నేర్పే పద్ధతి కూడా నాదే. చిన్నప్పుడు చేపను చేతికిచ్చినప్పుడల్లా బాపు "మొప్ప కాడ వట్టు, కడుపు ముట్టకు" అనేవాడు. బిళ్లకు దిక్కు తెలియడానికి ఒక పక్క అంచును తిన్నగా కోసి ఉంచుతారు. ఆ తిన్నటి పక్కను చేప నోరు అనుకోండి, దానికి ఎడమవైపు రెండు వేళ్ల దూరంలో మొప్ప ఉంది అనుకోండి, ఎప్పుడూ అక్కడే పట్టండి అని చెప్పేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్ల చేతి మీద నా చెయ్యి వేసి నెల రోజులు పట్టించేదాన్ని. మా దగ్గర విరిగినంత తక్కువగా బిళ్లలు ఎక్కడా విరగవని పేరు. యజమానిని మేం పెద్ద సార్ అంటాం. ఆయన ఎవరొచ్చినా మమ్మల్ని చూపించి "వేరే చోట్ల ఈ పనికి మిషన్లు ఉంటాయి, నేను వీళ్ల చేతుల్ని నమ్ముకున్నాను" అనేవాడు. మాకు ఆ మాట మీద ఎంత గర్వమో. పొగడ్తకు పడిపోని మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇంజినీరు మీర్‌పేట్ నుంచి బండి మీద వచ్చేవాడు. ముప్పై దాటలేదు. మాకు అర్థం కావాలని ఆయన పడే తాపత్రయం చూస్తే ముచ్చటేసేది. కొత్త బిళ్లలు రాకముందు ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో గళ్ల కాగితం పరిచి, పాత బిళ్లంత ఒక సున్నా, కొత్త బిళ్లంత ఒక సున్నా గీయించాడు. పాతది అడ్డంగా నాలుగంగుళాలు, కొత్తది ఆరు.

"రెండంగుళాలే గద సార్ పెరిగింది" అంది యాచారం పిల్ల.

యాచారం నుంచి రోజూ బస్సులో వచ్చే పాతికేళ్ల అమ్మాయి ఆమె. మందుల ఫ్యాక్టరీల కోసం సర్కారు భూములు తీసుకున్నప్పుడు వాళ్ల చేనులో చాలా భాగం పోయింది. మొగుడు లారీ డ్రైవరు, కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నాడు. నా మాట మీదే ఆమెను పనిలోకి తీసుకున్నారు. నోరు ఊరుకోదు, చెయ్యి మాత్రం బంగారం.

"గళ్లు లెక్కవెట్టు" అన్నాడు ఇంజినీరు.

లెక్కపెట్టాం. పెద్ద సున్నాలో రెండుంబావు రెట్ల కన్నా ఎక్కువే వచ్చాయి. గుండ్రటి బిళ్ల మీద చదరపు గళ్లు కాబట్టి అంచున ఉన్నవన్నీ తెగిపోతాయి, తెగిన గడి చెత్త బుట్టకే. బిళ్ల పెద్దదైన కొద్దీ మొత్తంలో ఆ తెగిన గళ్ల వంతు తగ్గుతుంది. పైగా ఫర్నేసు ఒకసారి వేడెక్కించడానికి కరెంటు కొంచెమే ఎక్కువ, మనుషులు అంతే, పట్టే సమయం అంతే. బిళ్ల ధర ఎక్కువే గానీ చిప్పులకు పంచితే ఒక్కోదానికి పడేది తక్కువ. మిగిలేదంతా లాభం. ఇంత తేలిక సంగతిని అంత పెద్ద చదువులు చదివి చెప్పాలా అనిపించింది నాకు.

యాచారం పిల్ల కాగితం మీద తెగిన గళ్లను వేలితో చూపించి, "మాకు మిగిలిన చేను గిట్లనే ఉన్నది సార్. అంచు ముక్క. పంటకు రాదు, ప్లాటుకు రాదు" అంది. అందరికన్నా ముందు ఆమే నవ్వింది.

"మరి పెద్దది విరిగితే?" అని నేనడిగాను.

"విరిగితే రెండుంబావు బిళ్లలు విరిగినట్టే అక్కా. అందుకే నీ చేతుల మీద భారం ఏస్తున్న."

బోనాలప్పుడు మొదలుపెట్టాం. చేతికి బరువు తెలిసింది, అంతే. ఒక్కటీ విరగలేదు. నేను కాలరెగరేశాను. పదిహేను రోజులకు మొదటి బిళ్లలు పరీక్ష మిషను దగ్గరికి చేరాయి. ఆ మిషను ప్రతి చిప్పును ముట్టి చూసి, మంచిదైతే పచ్చగా, చెడ్డదైతే ఎర్రగా కంప్యూటరులో చూపిస్తుంది. వందకు ఎన్ని పచ్చగా ఉన్నాయో దాన్ని యీల్డ్ అంటారు. "దిగుబడి అనరాదా సార్, మాకు తెల్సిన మాటనే గద" అని యాచారం పిల్ల మొదటి రోజే అనేసింది. పాత బిళ్లల మీద పదింటికి తొమ్మిది పచ్చనివే. కొత్త బిళ్లల మీద అంచు నుంచి లోపలికి ఎర్రటి చారలు పాకాయి. సగానికి సగం పోయాయి.

నేను మనసులోనే లెక్క వేశాను. రెండుంబావు రెట్లలో సగం పోయినా పాత బిళ్ల కన్నా మంచివి కొన్ని ఎక్కువే మిగిలాయి కదా! ఆ మాటే ఇంజినీరుతో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సగం సచ్చిన బిళ్లల మిగిలిన సగాన్ని ఎవలు నమ్ముతరు అక్కా? ఇయ్యాల మంచిగనే ఉంటది, రేపు ఛార్జర్ల వేడెక్కినంక పోతది. బిళ్ల ధర సుత పాతదాని లెక్క లేదు."

చిప్పులు కొనేవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. దసరా లోపు బాగు చెయ్యకపోతే ఆర్డరు వేరేవాళ్లకు ఇస్తామన్నారు. మా కంపెనీకి ఉన్నదే ఆ ఒక్క ఆర్డరు. వెనక్కి పోదామా అంటే పాత ఫర్నేసు అమ్మేసి ఈ కొత్తది కొన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్ద సార్ క్యాంటీన్‌లోకి వచ్చి, దసరాకు లెక్క కుదరకపోతే తాళం వేయడమేనని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు సగం టిఫిన్ డబ్బాలు తెరవనే లేదు.

ఇంజినీరు చెయ్యని ప్రయత్నం లేదు. పెద్ద బిళ్ల నడుమ, అంచు ఒక్కసారే వేడెక్కవని, ఆ తేడాకు లోపల కంటికి కనిపించని చీలిక పాకుతుందని ఆయన అనుమానం. బిళ్లలను ఫర్నేసులోకి నెమ్మదిగా తోయించాడు. కొంచెం తగ్గింది, పోలేదు. గ్యాసు మార్చాడు. గాజు స్టాండు మార్చాడు. మా వంతుగా మేం గేటుకు నిమ్మకాయలు కట్టాం, మైసమ్మకు మొక్కాం. ఎవరో నిమ్మకాయను ఏకంగా బట్టలు మార్చుకునే గదిలో దాచారు. అది దొరికిన రోజు పెద్ద సార్ అరిచిన అరుపులకు అద్దాలు పగలకపోవడం మా అదృష్టం.

చివరికి ఇంజినీరు ఒక పని చేశాడు. స్టాండులో బిళ్లలను తలకిందులుగా నిలబెట్టించాడు. ఎప్పుడూ పైకి ఉండే తిన్నటి పక్కను కిందికి పెట్టించాడు. తప్పు ఫర్నేసుదైతే ఎరుపు ఫర్నేసులో ఉన్నచోటే ఉండాలి, బిళ్ల మీద చోటు మారాలి. మారలేదు. చారలు బిళ్లతో పాటే తిరిగాయి, తిన్నటి పక్కకు ఎడమవైపు నుంచే మొదలయ్యాయి. అంటే ఫర్నేసు కన్నా ముందే బిళ్లకు దెబ్బ తగులుతోంది. ఆయన బిళ్లలు అమ్మినవాళ్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఎడమవైపు రెండు వేళ్ల దూరం అని విన్నా నాకు ఏమీ తట్టలేదు. రోజూ చేసే పనిని మనిషి చూడడు.

చెరువు మళ్లీ నిండింది కాబట్టి ఆదివారం పొద్దున కట్ట మీద బాపు చేపలు అమ్ముతాడు. నేను పక్కన కూర్చుంటాను. ఆ ఆదివారం ఒకాయన పెద్ద బొచ్చె చేపను చూపించి తూకం వేయమన్నాడు. నేను అలవాటు ప్రకారం మొప్పలో రెండు వేళ్లు పెట్టి పైకెత్తాను.

"కింద చెయ్యి వెట్టు!" అని అరిచాడు బాపు. "గంత పెద్ద చాపను ఉత్త మొప్ప వట్టి లేపుతరా? దాని బరువే దాని మొప్పను చీలుస్తది."

"చిన్నప్పటి సంది గట్లనే వట్టుమన్నవ్ గద బాపు."

"చిన్నప్పుడు నీ చేతికిచ్చినయి చిన్న చాపలు. పెద్దయి నీకెన్నడిచ్చిన?"

చేప నా చేతిలో ఊగుతోంది. మొప్ప పక్కన సన్నగా నెత్తురు కనిపించింది. నా కళ్లకు ఆ చోట చిమ్టా కనిపించింది. దాన్ని తక్కెడలో పడేసి, చేతులు కడుక్కోవాలని చెప్పి నీళ్ల దగ్గరికి పోయి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

సోమవారం ఎవరికీ చెప్పకుండా ఒక స్టాండు నిండా బిళ్లలను నేనే ఎత్తాను. సగం ఎప్పటిలాగే పట్టాను, సగం కావాలని ఎదురు పక్కన పట్టాను. ఏది ఎక్కడ పట్టానో కాగితం మీద రాసుకున్నాను. కారణం దొరకాలని ఇంజినీరు అప్పటికే ప్రతి స్టాండునూ తొందరగా పరీక్షకు పంపిస్తున్నాడు కాబట్టి అవి నాలుగు రోజుల్లోనే చేరాయి. శుక్రవారం కంప్యూటరు ముందు నిలబడి చూశాను. ఎప్పటిలా పట్టినవాటికి ఎరుపు ఎప్పటి చోటు నుంచి, ఎదురు పక్కన పట్టినవాటికి ఎదురు పక్క నుంచి. ఒక్కటీ తప్పలేదు. పెద్ద బిళ్ల బరువంతా ఆ ఒక్క చోట వేలాడుతోంది. చిమ్టా అక్కడ కంటికి కనిపించనంత చిన్న దెబ్బ వేస్తోంది, ఫర్నేసు వేడికి ఆ దెబ్బ నుంచే చీలిక లోపలికి పాకుతోంది. చిన్న బిళ్ల ఆ పట్టును ఓర్చుకుంది, పెద్దది ఓర్చుకోలేదు. ఒక్కొక్కరూ ఒక్కో చోట పట్టి ఉంటే ఎరుపు చెదిరిపోయి కొన్నాళ్లయినా తప్పించుకునేవాళ్లమేమో. పద్నాలుగు మందీ ఒకే చోట పట్టారు. అంత బాగా నేర్పాను నేను.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. చేతులది తప్పని తెలిస్తే మిషను వస్తుంది, మిషనుకు ఇద్దరు చాలు. చెప్పకపోతే దసరాకు తాళం పడుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. లెక్క ప్రకారం చూస్తే చెప్పడమే నయం, సున్నా కన్నా రెండు ఎక్కువ. కానీ తాళం పడితే అది ఎవరి తప్పూ కాదు, మా రాత. చెప్తే మాత్రం పన్నెండు మంది పొట్ట మీద కొట్టింది నేనవుతాను. పైగా పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న నన్ను ఉంచుతారని కూడా నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ తొలిచింది.

అడ్డదారి ఒకటి వెతికాను. "బరువు గద, ఇగ సంది కింద రెండో చెయ్యి ఆనియ్యున్రి" అని అందరికీ చెప్పాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అక్క చెప్పింది, అంతే. గ్లవుజు ఎంత శుభ్రంగా ఉన్నా బిళ్ల వీపుకు మరక అంటింది, ఫర్నేసులో అది పొగలా పట్టింది. అంచున ఎరుపు తగ్గి నడుమ ఎరుపు మొదలైంది. "గిదేం కొత్త రోగం" అని ఇంజినీరు తల పట్టుకున్నాడు. మళ్లీ పాత పద్ధతే పట్టమన్నాను. అప్పటికి దసరాకు ఇంకా మూడు వారాలుంది. దసరాకు లెక్క కుదిరినా కుదరకపోయినా ఇంజినీరును మాత్రం వెళ్లిపొమ్మన్నారని తెలిసింది. ఏ తప్పూ చెయ్యనివాడు. క్యాంటీన్‌లో డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాడు. భార్యకు నెలలు నిండాయని అంతకుముందు వారమే మాకు స్వీట్లు పంచాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ అనుకొని, నా కాగితం ఆయన డబ్బా పక్కన పెట్టాను. ఆయన చదివాడు, కంప్యూటరు దగ్గరికి పోయి చూసుకొని వచ్చాడు.

"ఎన్నొద్దులాయె నీకు తెల్సి?"

"ఇయ్యాల్టికి పది రోజులు సార్."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "నేనైతే చెప్పేటోన్ని కాదేమో అక్కా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన మా కోసం ప్రయత్నించకపోలేదు. గాలితో బిళ్లను పీల్చి పట్టే పెన్నులు తెప్పించాడు. చిమ్టాకు అలవాటైన చేతుల్లో అవి మొదటి రోజే రెండు బిళ్లలను జార్చాయి. పెద్ద సార్ "ఇక చాలు" అన్నాడు. మిషను అద్దెకు తెచ్చి కొన్ని బిళ్లలు చేయించి చూపిస్తే అంచు చారలు మాయమయ్యాయి. ఆర్డరు నిలబడింది, ఇంజినీరు నిలబడ్డాడు. దీపావళి దాటాక సొంత మిషనే వచ్చింది. ఇరవై అయిదు బిళ్లలను ఒక్కసారే కింద నుంచి ఎత్తి స్టాండులో దించుతుంది. కింద నుంచే. అది మొదటిసారి ఎత్తుతుంటే నాకు బాపు అరుపు వినిపించింది.

మిషను మీదికి నన్ను, కంప్యూటరు వచ్చిన ఇంకో అమ్మాయిని తీసుకున్నారు. మిగతావాళ్లకు ఆఖరి రోజున క్యాంటీన్‌లో భోజనం పెట్టారు. అక్కడే, వాళ్లందరి ముందే, పెద్ద సార్ నాకు శాలువా కప్పి, "ఈమె నిజాయితీ వల్లే కంపెనీ బతికింది" అన్నాడు. ఆయన మనసులో కల్మషం లేదు, నిజంగానే గౌరవిద్దామనుకున్నాడు. చప్పట్లు కొట్టండి అన్నాడు. నేను చెయ్యి పట్టి పని నేర్పిన ఆ పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. ఆ శాలువాను ఇంతవరకు మడత విప్పలేదు.

నెల తర్వాత ఒక పొద్దున, డ్యూటీకి పోతూ ఇబ్రహీంపట్నం బస్టాపులో యాచారం పిల్లను చూశాను. పెద్ద నీళ్ల డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకొని నిలబడి ఉంది. తప్పించుకు పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"మహేశ్వరం దిక్కు ప్లాట్లమ్మే వెంచర్ల పని దొరికింది అక్కా. మొక్కలకు నీళ్లు వొయ్యాలె. తాగే నీళ్లు మాత్రం మనమే కొంచవోవాలె" అని నవ్వింది. మొగుడి కాలు ఎలా ఉందని అడిగాను. గట్లనే ఉంది అంది.

"ఒక్కటడుగుత, చెప్తవా? నువ్వు గా ముచ్చట చెప్పకుంటే ఏమవును అక్కా?"

"కంపెనీ మూతవడును పిల్లా. అందరం రోడ్డు మీద వడుదుము."

"అందరం గద" అంది. కోపంగా అనలేదు. "గప్పుడు నువ్వు సుత గీ బస్సు కోసమే నిలవడుదువు, నా పక్కన."

బస్సు వచ్చింది, జనం తోసుకున్నారు. ఆమె పైకెక్కి, డబ్బా కోసం కిందికి వంగి పిడి పట్టుకుంది. ఒంటి చేత్తో లేవలేదు. నేను కింద చెయ్యి పెట్టి పైకెత్తాను. ఆమె అందుకొని, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.